గురువుల వేసవి బడి: లూయీ అగాసీ జీవితము

వేసవి సెలవులు వచ్చినవనగా బడులకు తాళములు పడును. బాలురు మామిడితోపుల పాలగుదురు. ఉపాధ్యాయులకు మాత్రము విరామము పూర్తిగా దొరకదు. పై తరగతులకు పాఠములు చెప్పువారిని సెలవులలో ఒకచోటికి పిలిపించి, కొన్ని దినములు శిక్షణ యిచ్చుట మనలో పరిపాటియైనది. ఈ తరగతులు అవసరమని అధికారులందురు. విసుగు పుట్టించునవని ఉపాధ్యాయులలో పలువురందురు. ఉభయుల మాటలోను సత్యము కలదని మేము తలంతుము. ఉక్కపోతలో బల్లలపై కూర్చుండి, ఒకరు కాగితము చూచి చదువగా వినుచు, సాయంకాలము హాజరుపట్టీలో సంతకము చేసి యిల్లు చేరుటయే శిక్షణయైనచో, దానివలన విద్యకు కలుగు లాభము స్వల్పము. అట్లని గురువు మరల విద్యార్థి కానక్కరలేదని యెవ్వరు చెప్పగలరు? వేసవి శిక్షణ యెట్లుండవలెననుటయే మనము విచారింపవలసిన ప్రశ్న. ఈ ప్రశ్నకు 1873వ సంవత్సరమున, అమెరికా తూర్పుతీరమందలి ఒక చిన్న ద్వీపముపై, అరువదియారేండ్ల వృద్ధుడొకడు సమాధానము చెప్పెను. ఆయనకు అదియే కడపటి వేసవి. ఆ లూయీ అగాసీ జీవితమును పాఠకులకు నివేదింపదలచితిమి. అందు అనుసరింపదగినదియు, విసర్జింపదగినదియు కలవు. రెండింటిని దాచక చెప్పుట మా విధి.

అగాసీ 1807 మే 28వ తేదీన స్విట్జర్లాండులో మోరా సరస్సు ఒడ్డునగల మోత్యే అను పల్లెలో జన్మించెను. తండ్రి ప్రొటెస్టెంటు మతాచార్యుడు. ఇంటి వెనుక ఊటనీరు నిండిన రాతితొట్టి యొకటి యుండెను. బాలుడు తమ్మునితో గూడి సరస్సులో చేతులతో చేపలను పట్టి, ఆ తొట్టిలో విడిచి, వాని నడకలను గంటలకొలది చూచుచుండెడివాడు. పిల్లవాడు వైద్యుడు కావలెనని తల్లిదండ్రుల కోరిక. జూరిచ్, హైడెల్బర్గ్, మ్యూనిక్ విశ్వవిద్యాలయములలో చదివి, 1830లో వైద్యపట్టమును పొంది వారి కోరికను ఆయన తీర్చెను. కాని మనసు మత్స్యములయందే నిలిచెను. బ్రెజిలు దేశమునుండి స్పిక్స్, మార్టియస్ అను పండితులు తెచ్చిన చేపలను వర్ణించి 1829లోనే ఒక గ్రంథమును ప్రకటించెను. అప్పటికి ఆయనకు ఇరువదిరెండేండ్లు.

1831 చివర ఆయన పారిస్ చేరెను. జంతుశాస్త్రమున ఐరోపాఖండమంతటికి పెద్దయైన క్యూవియే అక్కడ నుండెను. శిలలలో అచ్చుపడి మిగిలిన ప్రాచీన మత్స్యములనుగూర్చి క్యూవియే తాను వ్రాయదలచి కూడబెట్టిన చిత్రములను, వ్రాతలను ఈ పేద యువకుని చేతబెట్టి, ఆ పని నీదే యని యప్పగించెను. కొలది మాసములకే, 1832 మే నెలలో, ఆ మహాపండితుడు మరణించెను. జీవితాంతము కూర్చుకొన్న సొత్తును శిష్యునికి ధారపోసిన ఆ యౌదార్యమును అగాసీ మరువలేదు. హంబోల్టు పండితుని సాయముచేత అదే సంవత్సరము స్విట్జర్లాండులోని న్యూషాటెల్ పట్టణమున ఆయనకు ఆచార్యపదవి లభించెను. 1833 మొదలు 1843 వరకు శిలాజ మత్స్యములపై ఐదు సంపుటముల గ్రంథమును వెలువరించి, 1,700కు పైబడిన జాతులను వర్ణించెను. ఆ పని ఆయనకు కీర్తిని, దానితోపాటు అప్పులను గూడ తెచ్చిపెట్టెను.

1837లో స్విస్ శాస్త్రజ్ఞుల సభ న్యూషాటెల్‌లో జరిగెను. అధ్యక్షుడైన అగాసీ చేపలనుగూర్చి ప్రసంగించునని సభ్యులు కాచుకొని యుండిరి. ఆయన మంచునుగూర్చి మాటలాడెను. పూర్వమొక యుగమున ఐరోపా ఉత్తరభాగము మంచుతో కప్పబడి యుండెననియు, కొండలనుండి దూరముగా పడియున్న పెద్దబండలు ఆ మంచుచేత మోసికొని రాబడినవే యనియు ప్రతిపాదించెను. సభ్యులు ఆశ్చర్యపడిరి, కొందరు కోపగించిరి. ఈ ఊహ మూలమున ఆయన సొంతము కాదు. వెనెట్జ్, షార్పంటియే అనువారు ఆల్ప్స్ పర్వతములలో తిరిగి ముందుగా కనుగొన్నదే. వారి మాటను నమ్మక, వాదించి గెలువవచ్చునని వెళ్లిన అగాసీ, తన కన్నులతో చూచిన పిమ్మట తన అభిప్రాయమును మార్చుకొనెను. అటుపై హిమానీనదముమీదనే ఒక పెద్దబండ నీడన గుడిసె కట్టుకొని, వేసవుల వెంట వేసవులు దాని కదలికను కొలిచెను. 1840లో ఆ విషయమున గ్రంథము వ్రాసెను. ప్రత్యక్షమునకు తలవంచి తన మతమును మార్చుకొనగలుగుట శాస్త్రజ్ఞునికి పెద్ద గుణము. ఆ గుణము ఆయనయందు కడవరకు నిలువకపోవుట ముందు చూడగలము.

1846లో ఆయన అమెరికాకు వెళ్లెను. బోస్టను నగరమున ఆయన చేసిన ప్రసంగములకు జనులు విరగబడి వచ్చిరి. నల్లబల్లపై సుద్దముక్కతో ఒక జంతువు గుడ్డునుండి పెరిగి పెద్దదగు క్రమమును గీయుచు మాటలాడుటలో ఆయనకు సాటి లేడని వినినవారందరు చెప్పుకొనిరి. 1847లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యునిగా నియమించెను. మరుసటి సంవత్సరము స్వదేశమున భార్య మరణించెను. 1850లో ఎలిజబెత్ కేరీ అను విదుషీమణిని వివాహమాడెను. అప్పులతో సంసారము కుంటుపడగా, ఆమె 1855లో తమ యింటనే బాలికల పాఠశాలను స్థాపించి ఎనిమిదేండ్లు నడపెను. భర్త అందు ప్రతిదినము పాఠము చెప్పుచుండెను. రాడ్‌క్లిఫ్ స్త్రీల కళాశాలకు మొదటి అధ్యక్షురాలు తరువాత ఈమెయే. 1859లో అగాసీ హార్వర్డులో తులనాత్మక జంతుశాస్త్ర మ్యూజియమును నెలకొల్పెను.

ఆయన బోధనాపద్ధతి విచిత్రమైనది. క్రొత్త విద్యార్థి వచ్చినచో, రేకుపళ్లెములో ఒక చేపనుంచి, చూడుమని చెప్పి వెడలిపోవును. పుస్తకము చూడరాదు, ఇతరుల నడుగరాదు, భూతద్దమును వాడరాదు. పది నిమిషములలో అంతయు చూచితినని విద్యార్థి తలంచును. గంటలు గడచినను గురువు రాడు. వచ్చి, చెప్పినది విని, ముఖ్యమైనది ఇంకను చూడలేదని మరల వెడలిపోవును. ఇట్లు దినములు గడచును. విసుగు చెంది పెన్సిలు పట్టి బొమ్మ గీయ మొదలిడిన పిమ్మటనే, ఎదుటనున్న దానిని తానెంతమాత్రము చూడలేదని విద్యార్థికి తెలియును. ఆ చేప వాసనను ముసలితనమువరకు మరువని శిష్యులు, ఆ పాఠమునే తమ విద్యకంతటికి మూలమని చెప్పుకొనిరి.

మసాచుసెట్స్ రాష్ట్రమున బడిపంతుళ్లకు సభలు జరుగుచుండెడివి. అగాసీ వానికి పోయి ప్రసంగించుచుండెను. ఒకమారు పొలములలో మిడుతలను పట్టించి తెచ్చి, సభలోని ఉపాధ్యాయులకు తలకొకటి చొప్పున పంచి, చేతబట్టుకొని వినుడని చెప్పెను. సభ యంతయు నవ్వినది. ఎవరి మిడుతయైన జారిపోయినచో, దానిని మరల పట్టువరకు ఆయన ప్రసంగము నాపుచుండెను. కొంతసేపటికి నవ్వు అడగి, అందరును కాళ్లను, రెక్కలను, కనులను నిదానించి చూడసాగిరి. గొప్ప యంత్రములు లేని పల్లెబడిలోను శాస్త్రము చెప్పవచ్చునని ఆ దినమున వారికి బోధపడెను.

ఆ కాలపు అమెరికా ఉన్నత పాఠశాలలలో ప్రకృతిశాస్త్రము పాఠ్యక్రమమున నుండెను గాని, అది పుస్తకములోని ప్రకృతి. పంతులు తాను వల్లించినదానిని పిల్లలచేత వల్లింపజేయును. పిల్లలు మరునాడు అప్పజెప్పుదురు. నక్షత్రచేపను చూడకయే దానికి లక్షణము చెప్పగల గురువు లెందరో! ఈ దోషము పిల్లలది కాదనియు, గురువు నేర్చిన తీరే గురువు నేర్పు తీరగుననియు అగాసీ గ్రహించెను. గురువునకు తీరిక వేసవిలోనే దొరకును. సముద్రతీరమున జంతుజాలము కంటబడుటకును వేసవియే అనుకూలము. కావున వేసవిలో, సముద్రపుటొడ్డున, ఉపాధ్యాయులకొక పాఠశాలను పెట్టవలెనని 1872-73 శీతకాలమున సంకల్పించెను. అప్పటికే ఆయన ఆరోగ్యము చెడియుండెను; చేతిలో ధనము లేదు.

ఈ సంగతిని పత్రికలలో చదివిన జాన్ ఆండర్సన్ అను న్యూయార్కు పొగాకు వర్తకుడు, బజర్డ్స్ అఖాతము నోటనున్న తన పెనికీస్ ద్వీపమును, దానితో 50,000 డాలర్లను దానముచేసెను. ద్వీపము సుమారు 75 ఎకరములది, చెట్లు అరుదు, గాలి మిక్కుటము. పూర్వపు మంచు తోసికొనివచ్చి వదలిపోయిన మట్టియు రాళ్లును ఆ దీవులుగా నిలిచినవి. హిమయుగమును లోకమునకు చాటినవానికి హిమము కట్టిన నేలయే పాఠశాలయైనది.

బడి తెరచుటకు 1873 జూలై 8వ తేదీ నిర్ణయమైనది. కొలది దినములకు ముందు చూడగా భవనములు సగములో నుండెను. ఆయన తేదీని మార్చుట కంగీకరింపక, వడ్రంగులను బతిమాలి పని సాగించెను. ఆ దినమున ఆవిరి పడవలో ఉపాధ్యాయులు, అతిథులు దిగిరి. విద్యార్థులు సుమారు యాభైమంది. ఉన్నత పాఠశాలలలో, శిక్షణ కళాశాలలలో పాఠములు చెప్పుచున్నవారు. స్త్రీలును వారిలో కలరు. చదువునకు రుసుము లేదు. పాత కొట్టమొకటి శుభ్రపరచబడి సభాశాలయైనది. వాకిళ్లు తెరచియుండుటచే, దూలములపై గూళ్లు కట్టుకొన్న వానకోయిలలు తలలపైనుండి వచ్చుచు పోవుచుండెను. అగాసీ లేచి, ఎవరి మనస్సులో వారు మౌనముగా ప్రార్థింపుడని కోరెను. ఆ నిశ్శబ్దమునుగూర్చి విట్టియర్ కవి తరువాత కావ్యము వ్రాసెను.

మరునాటినుండి పాఠములు. వలలతో సముద్రగర్భమును దేవి తెచ్చిన జంతువులు, రాళ్లసందుల దొరకిన పీతలు, నత్తలు, నక్షత్రచేపలు, జెల్లీచేపలు పళ్లెములలో నిండెను. ప్రతి ఉపాధ్యాయుడు తన చేతితో కోసి, తన కంటితో చూచి, తాను చూచినదానినే వ్రాయవలెను. భూగోళశాస్త్రజ్ఞుడు గీయో మొదలగు పండితులు వచ్చి ప్రసంగించిరి. అగాసీ దినదినము మాటలాడుచు, విద్యార్థులతో నడచుచు, వారి బల్లలయొద్ద నిలిచి ప్రశ్నించుచుండెను. పుస్తకమును నమ్మి ప్రకృతిని చూచుటకంటె, ప్రకృతిని చూచి పుస్తకమును పరీక్షించుట మేలని ఆయన మాటల సారము. తాను తెలియనిదానిని తెలియదని చెప్పుటకు గురువు సిగ్గుపడరాదని కూడ నేర్పెను. పదవియు వయస్సును గల పంతుళ్లు మోకాళ్లవరకు నీటిలో దిగి, పిల్లలవలె దొరకినదానిని చూపుకొనుచు కేకలువేసిరి. విద్యార్థి యొక్క ఆనందము గురువునకు తిరిగి దొరకెను. వేసవి శిక్షణకు ఇంతకంటె వేరు ప్రయోజన మేమి కలదు?

వేసవి ముగిసినది. శరత్కాలమున ఆయన బలము సడలెను. 1873 డిసెంబరు 14వ తేదీన కేంబ్రిడ్జిలో మరణించెను. ఆయన గుడిసె కట్టుకొన్న ఆర్ హిమానీనదమునుండి ఒక బండను తెప్పించి సమాధిపై నిలిపిరి. మరుసటి వేసవిలో కుమారుడు అలెగ్జాండరు బడిని నడపెను గాని, ధనము చాలక రెండవ ఏటితోనే అది మూతపడెను. 1905 మొదలు 1921 వరకు ఆ ద్వీపమున కుష్ఠరోగుల వైద్యశాల నడచెను.

రెండు వేసవులు మాత్రమే సాగిన బడిని విఫలమైనదని యెంచవచ్చునా? అందు చదివినవారి చరిత్రలను చూడుడు. బాలుర బడిలో పంతులైన విలియం కీత్ బ్రూక్స్ 1878లో చెసపీక్ తీరమున వేసవి పరిశోధనాలయమును పెట్టెను. 1933లో నోబెలు బహుమానము పొందిన మోర్గన్ ఆయన శిష్యుడే. డేవిడ్ స్టార్ జోర్డన్ 1891లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. బోస్టను ఉన్నత పాఠశాలలో పాఠములు చెప్పిన చార్లెస్ విట్మన్, 1888లో వుడ్స్ హోల్ పట్టణమున స్థాపింపబడిన సముద్రజీవ పరిశోధనాలయమునకు మొదటి సంచాలకుడయ్యెను. రెండవ వేసవిలో చదివిన కార్నీలియా క్లాప్ మౌంట్ హోల్యోక్ విద్యాలయమున స్త్రీలకు జంతుశాస్త్రమును నేర్పెను. ఈ విత్తనము ఆసియాకును చేరెను. పూర్వము అగాసీయొద్ద పనిచేసిన ఎడ్వర్డ్ మోర్స్ 1877లో జపానుకు పోయి, ఎనోషిమా తీరమున వేసవి పరిశోధనాలయము తెరచి, టోక్యో విశ్వవిద్యాలయమున బోధించెను. 1879లో ఆ పదవి విట్మనునకు లభించెను.

ఇక ఆయన లోపములను చెప్పవలెను. 1859లో డార్విన్ గ్రంథము వెలువడినది. జాతులు క్రమముగా మారి పుట్టినవను ఆ సిద్ధాంతమును అగాసీ అంగీకరింపలేదు. ప్రతి జాతియు సృష్టికర్త సంకల్పముచే వేరువేరుగా పుట్టినదని పట్టుపట్టెను. మరణానంతరము 1874 జనవరిలో వెలువడిన ఆయన వ్యాసము సైతము ఆ వాదమే చేసెను. హిమానీనదము నెదుట తలవంచినవాడు ఇచట తలవంచలేకపోయెను. విశేషమేమన, మోర్స్, బ్రూక్స్, విట్మన్, జోర్డన్ మొదలగువారందరు పరిణామవాదులైరి. జపానులో డార్విన్ సిద్ధాంతమును బహిరంగముగా బోధించినవాడు మోర్సే. గురువు ఇచ్చిన కన్నులతో చూచి, గురువు మతమును శిష్యులు విడిచిరి. ఇది గురువునకు ఓటమియని కొందరందురు. ఆయన బోధకు ఇంతకంటె గొప్ప విజయము లేదని మా యభిప్రాయము.

రెండవ దోషము క్షమింపరానిది. మానవజాతులు సైతము వేరువేరుగా సృజింపబడినవనియు, వానిలో ఎక్కువ తక్కువలు కలవనియు అగాసీ బోధించెను. 1850లో దక్షిణ కరొలైనాలోని బానిసలను వివస్త్రలనుగా నిలిపి, ఛాయాచిత్రములు తీయించెను. అవి 1976లో హార్వర్డు మ్యూజియము అటకపై బయటపడినవి. బానిసత్వము తొలగుచున్న 1863లో సైతము, నల్లవారికి సంఘమున సమానత్వము కూడదని ప్రభుత్వ విచారణ సంఘ సభ్యునికి జాబులు వ్రాసెను. చేపను దినములకొలది చూడుమని శిష్యుని నిర్బంధించినవాడు, మనుష్యుని చూచుటకు ముందే తీర్పు చెప్పెను. తెల్లవారి పాలనలో, శాస్త్రము పేర తక్కువజాతియని వినుచు తరములు గడపిన మనకు ఈ నేరము బరువు వేరుగా చెప్పనక్కరలేదు. మన దేశమున పుట్టుకనుబట్టి మనుష్యుని తూచిన పాపము మనకును లేకపోలేదు గనుక, ఈ మాట చెప్పునపుడు మనము తలయెత్తి చెప్పజాలము.

కాలము దీనికొక విచిత్రమైన తీర్పు చెప్పినది. కేంబ్రిడ్జి పట్టణమున అగాసీ పేరిట ఒక పాఠశాల యుండెను. 1889లో దానికి ప్రధానోపాధ్యాయినిగా మరియా బాల్డ్విన్ నియుక్తురాలయ్యెను. ఆమె నల్లజాతి స్త్రీ. ఆ బడి పిల్లలలో తెల్లవారే యధికులు. 1922లో మరణించువరకు ఆమె ఆ బడిని వన్నెకెక్కించెను. ఆమె సైతము వేసవులలో హాంప్టన్ విద్యాలయమున ఉపాధ్యాయులకు తరగతులు నడపెను. 2002లో ఆ పాఠశాలకు అగాసీ పేరు తీసివేసి, ఆమె పేరు పెట్టిరి. పెనికీస్ కొట్టమున నాటిన ఆశయమును, అగాసీ అర్హులు కారని తలంచినవారిలో నొకతె నిలబెట్టెను.

కావున మన వేసవి తరగతులకు ఈ జీవితమునుండి మేము గ్రహించినది చెప్పి విరమింతుము. శిక్షణ యిచ్చువాడు తానింకను నేర్చుకొనుచున్నవాడై యుండవలెను. వచ్చిన ఉపాధ్యాయుని చేత కాగితమునకు మారుగా వస్తువును పెట్టవలెను. సముద్రతీర జిల్లాలకు సముద్రము కలదు. కొల్లేటి సరస్సు కలదు. తెలంగాణమున బండరాళ్ల గుట్టలు కలవు. ఏమియు లేని యూర చెరువుగట్టున మిడుతయైన కలదు. వీనికి పెద్ద వ్యయము లేదు. ఉపాధ్యాయునికి దారిబత్తెము, నీడ, మంచినీరు సమకూర్చుట ప్రభుత్వముల కనీసధర్మము. ప్రశ్నించు స్వేచ్ఛ నిచ్చుట అంతకంటె ముఖ్యధర్మము. ఉపాధ్యాయ సోదరులు సైతము తమ విద్య పట్టముతో ముగిసినదను భ్రమను విడువవలెను. జూన్ నెలలో బడి తెరచినపుడు, వేసవిలో తాను క్రొత్తగా చూచినదొకటి పిల్లలతో చెప్పగల గురువు ఆ తరగతికి భాగ్యము. అగాసీ తీర్పులను విడిచి, చూచుమను ఆయన ఆజ్ఞను మనము శిరసావహింతుము గాక.